డిస్కు మారింది, బూట్‌లోడర్‌కు తెలియదు

వేసవి సెలవులు వచ్చాయంటే విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల ల్యాబ్‌లలో అసలు పని మొదలవుతుంది. విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోతారు, యంత్రాలు ఖాళీగా ఉంటాయి, ఏడాదంతా వాయిదా పడుతూ వచ్చిన అప్‌గ్రేడ్‌లన్నీ ఆ కొద్ది వారాల్లో ముగించాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాల్లో లినక్స్ వేసుకుందామన్న ఆలోచన కళాశాలల్లోనే కాదు, డీటీపీ సెంటర్లలో, ఆడిటర్ల ఆఫీసుల్లో కూడా వినిపిస్తోంది. ఈ పనిలో ఎదురయ్యే చిక్కుల్లో ఒకదాన్ని మాత్రం దాదాపు ఎవరూ ముందుగా ఊహించరు. అప్‌గ్రేడ్ నూటికి నూరు శాతం పూర్తయిందని తెర మీద కనిపిస్తుంది, యంత్రం రీస్టార్ట్ అవుతుంది, ఆ తరువాత నల్లని తెర మీద ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్’ అన్న ఒక వాక్యం, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని మెరిసే కర్సర్.

చూసినవారికి వెంటనే తట్టేది డిస్కు పోయిందని. రిపేరు దుకాణానికి తీసుకెళితే చాలా చోట్ల దొరికే వైద్యం ఫార్మాట్. నిజానికి డిస్కు బాగానే ఉంది, దాని మీది సమాచారం బాగానే ఉంది, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్ అయిన కొత్త కెర్నల్ కూడా చోటు తప్పకుండా కూర్చుంది. యంత్రం ఆన్ కాగానే దాన్ని చదివి పైకి తేవలసిన చిన్న ప్రోగ్రామ్, అంటే బూట్‌లోడర్, మాత్రం పాత చదువు దగ్గరే ఆగిపోయింది. సమాచారానికి ఏ హానీ లేని లోపానికి సమాచారాన్నే తుడిచేసే చికిత్స చేస్తున్నారు.

ఫైల్ సిస్టమ్ అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి, దాని డ్రైవర్ అంటే ఆ అమరికను చదవడం తెలిసిన ప్రోగ్రామ్. బూట్‌లోడర్‌కు సొంతంగా ఫైల్ సిస్టమ్ డ్రైవర్ ఎందుకు ఉండాలి? ఇది విత్తు ముందా చెట్టు ముందా అన్న చిక్కు. డిస్కు మీది ఫైళ్లను చదివే డ్రైవర్లు కెర్నల్‌లో ఉంటాయి. కెర్నల్ కూడా ఆ డిస్కు మీది ఒక ఫైలే. కెర్నల్ లేవకముందే ఎవరో ఒకరు డిస్కును చదివి దాన్ని మెమరీలోకి ఎక్కించాలి. నేటి కంప్యూటర్లు పాటించే యూఈఎఫ్‌ఐ ప్రమాణం, మదర్‌బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్‌కు తప్పనిసరి చేసిన ఫైల్ సిస్టమ్ ఫ్యాట్ కుటుంబం ఒక్కటే. ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఏపీఎఫ్‌ఎస్ లాంటి ఇతర ఫైల్ సిస్టమ్‌ల గురించి దానికి ఏమీ తెలియనక్కర్లేదు. ఈ మధ్య ఖాళీని పూరించేది బూట్‌లోడర్. అది తన వెంట ప్రతి ఫైల్ సిస్టమ్‌కూ ఒక చిన్న డ్రైవర్‌ను, రాయడం రాకపోయినా చదవడం మాత్రం వచ్చినదాన్ని, మోసుకు తిరుగుతుంది.

లినక్స్ తొలినాళ్లలో లైలో అనే బూట్‌లోడర్ ఈ సమస్యను వేరే దారిలో దాటేసింది. దానికి ఫైల్ సిస్టమ్ అంటేనే తెలియదు. కెర్నల్ డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో ఒక పట్టిక రాసిపెట్టుకుని, నేరుగా ఆ బ్లాకులనే చదివేది. కెర్నల్ మార్చిన ప్రతిసారీ లైలో ఆదేశాన్ని మళ్లీ నడపాలి, మరిచిపోతే యంత్రం లేవదు. ఇప్పుడు లినక్స్‌లో ఎక్కువగా కనిపించే గ్రబ్ అనే బూట్‌లోడర్‌కు ఆ బాధ లేదు, అది ఫైల్ సిస్టమ్‌ను నేర్చుకుంది. ఫైలు పేరు చెబితే వెతికి తెస్తుంది. అయితే నేర్చుకున్నవాడికి పాఠం మారినప్పుడల్లా మళ్లీ నేర్చుకోవలసిన బాధ్యత కూడా వస్తుంది. విజయవాడ డివిజన్‌లో ఎంత అనుభవం ఉన్న లోకో పైలట్ అయినా కొత్త సెక్షన్‌లో బండి నడపాలంటే ముందు ఆ దారి నేర్చుకోవాలి, మలుపులూ సిగ్నళ్లూ తెలుసుకుని సంతకం చేయాలి, ఆ తరువాతే బండి చేతికిస్తారు. కంప్యూటర్ల దగ్గర ఈ క్రమం తారుమారవుతోంది: ముందు పట్టాలు మార్చి, పాత దారి మాత్రమే తెలిసినవాడి చేతిలో బండి పెడుతున్నారు.

‘ఫైల్ సిస్టమ్ మారడం’ అంటే ఈఎక్స్‌టీ4 తీసేసి మరొకటి పెట్టడమే కానక్కర్లేదు. పేరు మారకుండా లోపలి లక్షణాలు మారుతుంటాయి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈఎక్స్‌టీ కుటుంబంలో డిస్కులోని ప్రతి విభాగం (పార్టిషన్) మొదట్లో ఉండే సూపర్‌బ్లాకులో మూడు జాబితాలు ఉంటాయి. మొదటి జాబితాలోని లక్షణాలు తెలియకపోయినా చదవవచ్చు, రాయవచ్చు. రెండోదానిలోనివి తెలియకపోతే చదవవచ్చు గానీ రాయకూడదు. మూడోదానిలో తెలియనిది ఒక్కటున్నా ఆ విభాగాన్ని ముట్టుకోకూడదు. బూట్‌లోడర్ చదవడం తప్ప రాయదు కాబట్టి దాని ప్రాణం మూడో జాబితాలో ఉంది. ఈ ఏర్పాటు ఎంతో తెలివైనది. అర్థం కాని డిస్కును అర్థమైనట్టు చదివి చెత్తను మెమరీలోకి ఎక్కించడం కన్నా, నాకు తెలియదని ఆగిపోవడం మేలు. ఆ నల్ల తెర మీది వాక్యం ఒక రకంగా బూట్‌లోడర్ నిజాయితీకి గుర్తు. ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పడం మాత్రం దానికి రాలేదు.

2023 ఫిబ్రవరిలో వచ్చిన ఈ2ఎఫ్‌ఎస్‌ప్రాగ్స్ 1.47.0 దీనికి మంచి ఉదాహరణ. ఈఎక్స్‌టీ విభాగాలను తయారుచేసే పనిముట్ల మూట ఇది. ఆ వెర్షన్ నుంచి కొత్తగా ఫార్మాట్ చేసే ఈఎక్స్‌టీ4 విభాగాల్లో ‘మెటాడేటా చెక్‌సమ్ సీడ్’ అనే లక్షణం దానంతటదే ఆన్ అవుతుంది. విభాగం గుర్తింపు సంఖ్యను మార్చినా లోపలి చెక్‌సమ్‌లన్నిటినీ (సమాచారం చెడిందేమో పట్టిచ్చే సంఖ్యలను) తిరగరాయనక్కర్లేకుండా చేయడం దాని ఉద్దేశం. ఒకే నమూనా డిస్కును పదుల యంత్రాలకు క్లోన్ చేసి, ఒక్కోదానికి వేరే గుర్తింపు ఇచ్చే ల్యాబ్‌లకు ఇది వరమే. అయితే ఆ లక్షణం ఉండేది మూడో జాబితాలో. దాన్ని గుర్తించే సవరణ గ్రబ్ మూలంలో 2021లోనే చేరినా, అది ఉన్న అధికారిక విడుదల 2.12 వచ్చింది 2023 డిసెంబర్‌లో. ఈలోగా పాత గ్రబ్‌నే వాడుతూ కొత్త పనిముట్లతో ఫార్మాట్ చేసినవారికి ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్’ ఎదురైంది. డెబియన్ అనే లినక్స్ పంపిణీ 12వ వెర్షన్ విడుదలకు ముందు ఇదే విషయం మీద వాదన నడిచి, ఆ విడుదలకు మాత్రం ఈ లక్షణాన్ని అప్రమేయంగా ఆన్ చేయకుండా ఆపారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఉన్న విభాగాన్ని అలాగే ఉంచి సిస్టమ్‌ను మాత్రం అప్‌గ్రేడ్ చేస్తే ఈ లక్షణం తనంతట తాను వచ్చి చేరదు. కొత్త లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్కు అవసరం లేకుండా లినక్స్ నడిపేదానితో) బూట్ చేసి, విభాగాన్ని కొత్తగా ఫార్మాట్ చేసి, పాత బ్యాకప్ ఇమేజ్‌లోని ఫైళ్లను, పాత గ్రబ్‌తో సహా, దాని మీదికి ఎక్కించినప్పుడు చిక్కు పుడుతుంది. ల్యాబ్‌లలో జరిగేది చాలాసార్లు సరిగ్గా ఇదే పని.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కథలో కాలవ్యవధి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. జెడ్‌స్టాండర్డ్ కుదింపు దానికి లినక్స్ కెర్నల్ 4.14తో, అంటే 2017 నవంబర్‌లో వచ్చింది. గ్రబ్ దాన్ని చదవడం నేర్చుకున్న విడుదల 2.04, తేదీ 2019 జులై. దాదాపు ఇరవై నెలల పాటు కెర్నల్ రాయగలిగినదాన్ని అధికారిక గ్రబ్ చదవలేకపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. లినక్స్ కెర్నల్ కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. గ్రబ్ విడుదలలు 2017, 2019, 2021, 2023 అన్నట్టు రెండేళ్లకొకటి వచ్చాయి. ఇంత తేడాతో నడిచే ఇద్దరిని కలిపి కట్టినప్పుడు ముందు నడిచేవాడు వెనక్కి చూసుకోవడం తప్ప వేరే మార్గం లేదు. వెనక్కి చూసే పని ఎవరిదన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. కెర్నల్ బృందం దృష్టిలో బూట్‌లోడర్ బయటివాడు, బూట్‌లోడర్ బృందం దృష్టిలో ఫైల్ సిస్టమ్ బయటివాడు. ఇద్దరినీ ఒకే డిస్కు మీద కూర్చోబెట్టే డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ పంపిణీదారులే మధ్యవర్తులుగా ప్యాచ్‌లు అతికిస్తూ వచ్చారు.

జడ్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ విషయంలో ప్రమాదం ఒక ప్రలోభం రూపంలో వస్తుంది. సిస్టమ్ అప్‌గ్రేడ్ అయ్యాక పూల్ (డిస్కులను కలిపి కట్టిన నిల్వ) స్థితి అడిగితే, కొన్ని కొత్త లక్షణాలు ఇంకా ఆన్ చేయలేదు, జడ్‌పూల్ అప్‌గ్రేడ్ ఆదేశం ఇస్తే అన్నీ వస్తాయి అని మర్యాదగా సూచిస్తుంది. శుభ్రంగా ఉండాలనుకునే నిర్వాహకుడు ఆ ఆదేశం ఇచ్చేస్తాడు. ఒకసారి ఆన్ చేసిన లక్షణాన్ని మళ్లీ తీసేసే ఆదేశం లేదు. గ్రబ్‌కు తెలిసిన జడ్‌ఎఫ్‌ఎస్ లక్షణాలు కొన్నే కాబట్టి, బూట్ ఫైళ్లున్న పూల్ మీద ఆ ఆదేశం పడితే తరువాతి రీస్టార్ట్‌లో దారి మూసుకుపోతుంది. ఉబుంటు అందుకే బూట్ కోసం వేరే చిన్న పూల్ పెట్టింది. ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ 2.1 నుంచి పూల్‌ను గ్రబ్‌కు తెలిసిన లక్షణాలకే పరిమితం చేసే ‘కంపాటిబిలిటీ’ అమరిక కూడా ఉంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అదే ఆదేశం ముగిశాక, ఈ పూల్ నుంచి బూట్ అవుతుంటే బూట్ కోడ్‌ను కూడా మార్చడం మరవవద్దని గుర్తుచేస్తుంది. మంచిదే, కానీ ఆ మాట పని అయ్యాక కాదు, ముందు చెప్పాలి.

ఈ క్రమాన్ని సరిగ్గా పాటించిన కంపెనీ ఆపిల్. 1998 నుంచి వాడుతూ వచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌ను వదిలి ఏపీఎఫ్‌ఎస్‌కు మారినప్పుడు, 2017 సెప్టెంబర్ 25న విడుదలైన మ్యాక్‌ఓఎస్ హై సియెరా ఇన్‌స్టాలర్ పూర్తి ఎస్‌ఎస్‌డీ ఉన్న మ్యాక్‌లలో ఫైల్ సిస్టమ్‌ను ఉన్నచోటే మార్చేసింది. ఆ ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా ఉంది, చదివేవాడికి కొత్త అక్షరాలు నేర్పడానికి. ఏపీఎఫ్‌ఎస్ కంటైనర్ లోపలే యూఈఎఫ్‌ఐ డ్రైవర్‌ను ఇమిడ్చే వీలు కూడా కల్పించారు. ఫర్మ్‌వేర్ కొద్దిపాటి బ్లాకులు చదివి ఆ డ్రైవర్‌ను బయటికి తీస్తే చాలు, మిగతాదంతా అదే చదివి పెడుతుంది. ఫైల్ సిస్టమ్ మారినప్పుడు దానితోపాటే డ్రైవర్ కూడా మారుతుంది. ఈ ఏర్పాటులో మరిచిపోవడానికి ఏమీ మిగలదు.

ఆపిల్ యంత్రం కానిదాని మీద మ్యాక్‌ఓఎస్ నడిపేవారికి ఆ సుఖం లేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లో అక్కడక్కడా ఇలాంటి యంత్రాలు కనిపిస్తాయి. ఆపిల్ లైసెన్స్ దీన్ని ఒప్పుకోదన్నది వేరే సంగతి. హై సియెరా నాటికి ఇలాంటి యంత్రాల్లో ఎక్కువగా వాడింది క్లోవర్ బూట్‌లోడర్‌ను. అప్‌గ్రేడ్‌కు ముందు ఏపీఎఫ్‌ఎస్ డ్రైవర్ ఫైలును కొత్త సిస్టమ్ నుంచి తీసి క్లోవర్ డ్రైవర్ల ఫోల్డర్‌లో పెట్టాలి. పెట్టకపోతే డిస్కు మార్పిడి జరిగాక క్లోవర్ తెర మీద ఆ డిస్కే కనిపించదు. తరువాత కంటైనర్‌లోని డ్రైవర్‌నే లోడ్ చేసుకునే పద్ధతి వచ్చింది, ఓపెన్‌కోర్ అనే కొత్త బూట్‌లోడర్ దాన్ని తనలోనే కలిపేసుకుంది. అక్కడితో కథ ముగియలేదు. భద్రత కోసం ఓపెన్‌కోర్ పాత ఏపీఎఫ్‌ఎస్ డ్రైవర్లను తిరస్కరిస్తుంది, ఆ కనీస స్థాయిని ఒక దశలో మ్యాక్‌ఓఎస్ బిగ్ సర్ వెర్షన్ దాకా పెంచారు. దాంతో బూట్‌లోడర్‌ను మాత్రం అప్‌డేట్ చేసి దానికి ముందటి వెర్షన్ కేటలీనాను అలాగే ఉంచినవారికి కేటలీనా కనిపించకుండా పోయింది. కనీస తేదీ, కనీస వెర్షన్ అమరికలు సడలిస్తే తిరిగి వస్తుంది. బూట్‌లోడర్‌ను ముందు మార్చాలన్న సూత్రం కళ్లు మూసుకుని పాటించేది కాదని దీనివల్ల తెలుస్తుంది. కొత్త బూట్‌లోడర్ పాత డిస్కును కూడా చదువుతుందని తేల్చుకున్నాకే ఆ సూత్రం పనిచేస్తుంది. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ టాహో చివరి వెర్షన్ అని ఆపిల్ 2025లో ప్రకటించింది కాబట్టి ఈ అధ్యాయానికి ఎక్కువ ఆయుష్షు లేదు.

లినక్స్ వైపు మరో లోతైన గుంట ఉంది: ప్యాకేజీ కొత్తదైనంత మాత్రాన బూట్‌లోడర్ కొత్తది కాదు. ప్యాకేజీ మేనేజర్ గ్రబ్ 2.12 అని చూపిస్తున్నా, యంత్రం లేచేటప్పుడు నడిచే కోడ్ డిస్కు మొదట్లో ఎప్పుడో రాసిన 2.04 అయి ఉండవచ్చు. యూఈఎఫ్‌ఐకి ముందటి ఫర్మ్‌వేర్ అయిన బయోస్ ఉన్న పాత యంత్రాల్లో గ్రబ్ రెండు చోట్ల నివసిస్తుంది. డిస్కు మొదటి సెక్టారులో చిన్న బూట్ కోడ్, దాని తరువాతి ఖాళీలో కోర్ ఇమేజ్ అనే ప్రధాన భాగం ఉంటాయి. అవసరాన్ని బట్టి లోడ్ అయ్యే మిగతా భాగాలు, అంటే మాడ్యూల్స్, బూట్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ రెండిటికీ పొత్తు కుదరాలి.

2020 జులైలో బూట్‌హోల్ అనే భద్రతా లోపం బయటపడి, గ్రబ్ సవరణలు హడావిడిగా వెలువడ్డాయి. అప్పుడు డెబియన్, ఉబుంటు వాడేవారిలో కొందరికి ‘గ్రబ్ కాలక్’ అనే గుర్తు దొరకలేదన్న దోషం వచ్చి యంత్రం ఆగిపోయింది. మాడ్యూల్స్ కొత్తవి, కోర్ ఇమేజ్ పాతది. ఇది ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే మన దుకాణాల్లో రోజూ జరిగే ఒక పనిని చూస్తే చాలు. పాత కంప్యూటర్ నెమ్మదించిందంటే ఎస్‌ఎస్‌డీ ఒకటి చేర్చి, పాత హార్డ్ డిస్కును సినిమాలకూ ఫొటోలకూ అలాగే ఉంచుతారు. బయోస్ మాత్రం పాత డిస్కు నుంచే బూట్ అవుతూ ఉండవచ్చు. గ్రబ్ అప్‌డేట్ ఎస్‌ఎస్‌డీ మీద కోర్ ఇమేజ్ రాసి, మాడ్యూల్స్‌ను కొత్తవి చేస్తుంది. పాత డిస్కులోని కోర్ ఇమేజ్‌ను ఎవరూ తాకరు. మరుసటి రోజు ఉదయం యంత్రం లేవదు. క్లోన్ చేసిన ల్యాబ్ యంత్రాలదీ ఇదే తంతు. గ్రబ్‌ను ఏ డిస్కు మీద రాయాలో డెబియన్ కుటుంబం గుర్తుపెట్టుకునే చిరునామాలో డిస్కు సీరియల్ నంబరు ఉంటుంది. క్లోన్‌కు చేరేది నమూనా యంత్రం డిస్కు నంబరు. ఆ నంబరు గల డిస్కు ఈ యంత్రంలో ఉండదు. కాబట్టి ల్యాబ్ అప్‌గ్రేడ్‌లో ఆ చిరునామాను ప్రతి యంత్రంలో సరిచేసి గ్రబ్-ఇన్‌స్టాల్ నడపడం ఐచ్ఛికం కాదు.

2022 ఆగస్టులో ఆర్చ్ లినక్స్ కూడా ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది. కొత్త గ్రబ్ తయారుచేసే కాన్ఫిగరేషన్ ఫైలు, డిస్కు మీది పాత గ్రబ్‌కు అర్థం కావడం లేదు, రెండూ కలిపి మార్చండి అని. అది ఫైల్ సిస్టమ్ సంగతి కాకపోయినా జబ్బు అదే.

సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. సంతకం చేసిన గ్రబ్ ఫైలులో ముందే ఇమిడి ఉన్న డ్రైవర్లే పనిచేస్తాయి, బయటి నుంచి మాడ్యూల్ తెచ్చి పెడితే ఒప్పుకోదు. డ్రైవర్‌ను అప్‌డేట్ చేయడమంటే పంపిణీదారు సంతకం చేసిన కొత్త ఫైలు మొత్తాన్నీ తెచ్చుకోవడమే. పైగా ఈ చిన్న డ్రైవర్లే దాడులకు సందులు. 2025 ఫిబ్రవరిలో గ్రబ్‌లో బయటపడిన లోపాల్లో పెద్ద భాగం యూఎఫ్‌ఎస్, హెచ్‌ఎఫ్‌ఎస్, జేఎఫ్‌ఎస్, రైజర్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్ డ్రైవర్లవే. మలిచిన డిస్కు ఇమేజ్ ఒకటి చూపిస్తే అవి తడబడతాయి. ఆ సవరణలతోపాటు, సెక్యూర్ బూట్ కింద నడిచేటప్పుడు చాలా ఫైల్ సిస్టమ్‌లను గ్రబ్ పక్కన పెట్టేసింది. పాత విభాగం నుంచి బూట్ అవుతున్నవారికి భద్రతా అప్‌డేట్ తరువాత దారి మూసుకుపోవడానికి ఇది ఇంకో కారణం. ఇక 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్, పాత షిమ్‌ను (సెక్యూర్ బూట్‌లో గ్రబ్‌కు ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్), పాత గ్రబ్‌ను తిరస్కరించే గుర్తును ఫర్మ్‌వేర్‌లో రాయడంతో విండోస్, లినక్స్ రెండూ ఉన్న డ్యూయల్ బూట్ యంత్రాలు కొన్నిటిలో లినక్స్ తెరుచుకోలేదు. డ్యూయల్ బూట్ వాడే ఇంట్లో బూట్‌లోడర్‌ను కొత్తగా ఉంచుకోకపోతే, దాన్ని పక్కింటివాడు తోసేయగలడు.

మరి అప్‌గ్రేడ్‌కు ముందు చేయవలసింది ఏమిటి? మొదట, యంత్రం నిజంగా దేనితో లేస్తోందో చూడాలి. గ్రబ్ మెనూ పైభాగంలో కనిపించే వెర్షన్ సంఖ్య ప్యాకేజీ జాబితా కన్నా నమ్మదగినది. యూఈఎఫ్‌ఐ యంత్రమైతే ఈఎస్‌పీ అనే విభాగంలోని (బూట్‌లోడర్ ఫైళ్లుండే ఫ్యాట్ విభాగం ఇది) ఫైళ్ల తేదీలు చూడాలి. రెఫిండ్ అనే బూట్ మేనేజర్‌ను చేత్తో పెట్టుకున్నవారైతే అక్కడి డ్రైవర్ల ఫోల్డర్‌ను తప్పక తెరవాలి, ఎందుకంటే ఆ ఫైళ్లను ఏ అప్‌గ్రేడ్ కూడా ముట్టుకోదు. తరువాత బూట్ ఫైళ్లున్న విభాగం లక్షణాలు చూడాలి. ఈఎక్స్‌టీ4 అయితే ట్యూన్‌2ఎఫ్‌ఎస్ ఒక్క ఆదేశంతో చూపిస్తుంది. ఆ తరువాత బూట్‌లోడర్‌ను కొత్తది చేసి, మిగతా ఏదీ మార్చకుండా ఒకసారి రీస్టార్ట్ చేయాలి. చాలామంది దాటేసే మెట్టు ఇదే. కొత్త బూట్‌లోడర్ పాత సిస్టమ్‌ను లేపగలిగిందని తేలాకే సిస్టమ్ అప్‌గ్రేడ్ మొదలుపెట్టాలి. రెండూ ఒకేసారి చేస్తే, లేవనప్పుడు లోపం ఎక్కడుందో తేల్చడం కష్టం. ఫైల్ సిస్టమ్ కొత్త లక్షణాలు ఆన్ చేయడం అన్నిటికన్నా చివర, అదీ అవసరమైతేనే. మే నెల మధ్యాహ్నం కరెంటు మీద భరోసా లేని చోట యూపీఎస్ లేకుండా ఫైల్ సిస్టమ్ మార్పిడికి దిగకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

అప్పటికే తెర నల్లబడి ఉంటే ఫార్మాట్ చేయనక్కర్లేదు. కొత్త లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ అయి, సీహెచ్‌రూట్ ఆదేశంతో డిస్కు మీద ఉన్న సిస్టమ్‌లోకి ప్రవేశించి, కొత్త గ్రబ్‌ను సరైన డిస్కు మీద మళ్లీ రాస్తే చాలా సందర్భాల్లో అరగంటలో లేస్తుంది. ఈఎక్స్‌టీ4లో మెటాడేటా చెక్‌సమ్ సీడ్ లక్షణమే అడ్డమైతే ట్యూన్‌2ఎఫ్‌ఎస్‌తో దాన్ని తీసేయడం కూడా సాధ్యమే. జడ్‌ఎఫ్‌ఎస్‌లో ఆ వెసులుబాటు లేదు. అక్కడ బూట్ పూల్‌ను మళ్లీ కట్టుకోవాలి.

అసలు ఈ డ్రైవర్ల గొడవే వద్దనుకునేవారికి దారి ఉంది. కెర్నల్‌ను ఫర్మ్‌వేర్‌కు తెలిసిన ఫ్యాట్ విభాగంలోనే ఉంచడం. సిస్టమ్‌డీ-బూట్ అనే బూట్‌లోడర్ ఆ దారిలోనే నడుస్తుంది. ఫ్యాట్‌లో కొత్త లక్షణాలు రావు కాబట్టి నేర్చుకోవలసిందీ ఉండదు. పాతదనమే ఇక్కడ దాని బలం. అడ్డు వచ్చేది చోటు. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో ఈఎస్‌పీ 100 ఎంబీ మాత్రమే ఉంటుంది. ఉబుంటు లాంటి పంపిణీలో కెర్నల్, దానితోపాటు లోడ్ అయ్యే ఇనిట్‌ఆర్‌డీ ఫైలు కలిసి ఒక్క వెర్షన్‌కే అందులో చాలా భాగం తినేస్తాయి, పాత వెర్షన్‌ను వెనక దారిగా ఉంచుకునే వీలుండదు. డ్యూయల్ బూట్ పెట్టేవారు విభజన సమయంలోనే ఒక జీబీ పరిమాణంలో ఇంకో ఫ్యాట్ విభాగాన్ని బూట్ కోసం కేటాయించి, దానికి విస్తరిత బూట్‌లోడర్ విభాగమన్న గుర్తు ఇస్తే సిస్టమ్‌డీ-బూట్ దాన్ని తానే వెతికి పట్టుకుంటుంది.